మోకాళ్ల దాకా జుట్టు: కత్తెర ఎవరి చేతికివ్వాలి?

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. జుట్టు మోకాళ్ల దాకా ఉంటుంది. చిన్నప్పుడు తిరుమలలో మొక్కు తీర్చడానికి మూడు కత్తెరలు ఇచ్చింది తప్ప, చాలాకాలం దానికి కత్తెర తగలలేదు. రెండేళ్ల కిందట పార్లరుకు వెళ్లి రెండంగుళాలు తీయమంటే జానెడు తీసేశారు. అడిగితే, "సమానం చేయాలంటే అంత పోతుందండీ" అన్నారు. ఇప్పుడిప్పుడే మళ్లీ పాత పొడవుకు వచ్చింది కానీ, కొసలు చిట్లి జడ చివర చిక్కుపడుతోంది. నమ్మి ఎవరి దగ్గరికి వెళ్లాలి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ భయం అర్థం చేసుకోదగినదే. జుట్టు నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది కనుక, జానెడు పోయిందంటే ఏడాదిన్నర పెరుగుదల ఒక్క పూటలో పోయినట్లే. అలాగని చిట్లిన కొసలను వదిలేయనూ కూడదు. ఏ నూనే వాటిని తిరిగి అతికించలేదు, చీలిక మెల్లగా పైకి పాకుతుంది.

పొరపాటు ఎక్కడ జరిగిందో ఆ పార్లరు వారి మాటలోనే ఉంది. చెవుల ముందు, నుదుటి పక్కన మొదలయ్యే వెంట్రుకలు వెనక్కి దువ్వినప్పుడు, మెడ దగ్గర మొదలయ్యే వాటంత కిందికి దిగవు. కొసలన్నీ అడ్డగీత గీసినట్లు ఉండాలంటే నడుమ భాగాన్ని పక్కల ఎత్తుకు తేవలసి వస్తుంది. మీ జానెడు అక్కడే పోయి ఉంటుంది. అందువల్ల ఈసారి "సమానంగా" అనే మాటే వాడకండి. నడుమ పొడవుగా, పక్కల పొట్టిగా ఉండే యు ఆకారం అలాగే ఉంచి, చిట్లిన కొసల మేరకే తీయమని చెప్పండి.

మనిషిని ఎంచుకోవడానికి నేను నమ్మే పరీక్ష ఒకటుంది. మొదటిసారి కత్తిరించుకోవడానికి కాకుండా, డబ్బిచ్చి తలస్నానం చేయించుకుని చిక్కు తీయించుకోవడానికి మాత్రమే వెళ్లండి. జుట్టును గుప్పెట పట్టుకుని, కొసల నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి చిక్కు విడదీసుకుంటూ వచ్చే ఆవిడకు పొడవు జుట్టు విలువ తెలుసు. మాడు దగ్గర దువ్వెన దించి కిందికి లాగేసే చేతికి కత్తెర ఇవ్వకండి. వెళ్లేది పెళ్లిళ్ల రోజుల్లోనో ఆదివారం సాయంత్రమో కాకుండా, తీరిక ఉండే పూట చూసుకోండి.

కత్తిరించే రోజున జుట్టు పొడిగా ఉండాలి, ఎందుకంటే తడి జుట్టు సాగుతుంది. ఉంగరాల జుట్టయితే ఆరాక మరీ పైకి లేస్తుంది. కుర్చీలో కూర్చుంటే మీ జుట్టు కుర్చీకి అడ్డుపడి సరిగ్గా వేలాడదు కనుక నిటారుగా నిలబడి, తల వంచకుండా ఎదురుగా చూడండి. తల వంచితే కొలత మారిపోతుంది. అంగుళమంటే ఎంతో ముందుగా ఆవిడనే వేళ్లతో చూపించమనండి, తరవాత టేపుతో కొలిచి, అక్కడ మీ చేతులతోనే వదులుగా రబ్బరు బ్యాండు వేసి, కత్తెర దాని కిందే ఆడాలని చెప్పండి. తోడుగా అక్కనో స్నేహితురాలినో తీసుకెళ్లి వెనక నిలబెట్టుకోండి.

తీసిన వెంట్రుకలు మీకే ఇవ్వాలని కూడా ముందే చెప్పడం మంచిది. చిక్కు వెంట్రుకలకు స్టీలు గిన్నెలు ఇచ్చి కొనుక్కెళ్లేవాళ్లు మన వీధుల్లోకి వస్తూనే ఉంటారు. అలాంటప్పుడు పొడవైన పాయకు ధర లేకుండా ఉండదు. ఎవరినీ అనుమానించమని కాదు, ఎక్కువ తీయడానికి ఎవరికీ కారణం లేకుండా చేయమని నా ఉద్దేశం.

బయట ఎవరిమీదా మనసు కుదరకపోతే, చేయి వణకని అమ్మో అక్కో ఇంట్లోనే ఇదే పద్ధతిలో చేయవచ్చు. అయితే కాగితాలకూ కూరలకూ వాడే కత్తెర వద్దు. మొద్దుబారిన అంచు వెంట్రుకను నలిపి కొత్త చీలికలు తెస్తుంది. జుట్టుకు మాత్రమే వాడే పదునైన కత్తెర ఒకటి కొని విడిగా దాచుకోండి. తరచుగా కత్తిరిస్తే త్వరగా పెరుగుతుందనే మాట నమ్మి నెలనెలా వెళ్లనవసరం లేదు, పెరుగుదల కుదురు దగ్గర జరుగుతుంది కానీ కొసల్లో కాదు. మొదటిసారి ఒక్క అంగుళమే తీయించుకోండి. ఇంటికి వచ్చాక ఆ ముక్కలను టేపు పక్కన పెట్టి చూసుకుని, లెక్క సరిపోతేనే రెండోసారి అదే చేతికి ఇవ్వండి.