రెండు నెలల్లో ట్రాన్స్‌జెనిక్ వరి అంటున్నారు, డబ్బు కట్టొచ్చా?

అమ్మా, మీ పాప బీఎస్సీ బయోటెక్ ఫైనలియర్ అన్నారు, అమీర్‌పేటలో ఒక సెంటర్ వాళ్ళు రెండు నెలల్లో జీన్ ఎక్కించిన వరి మొక్క చేయిస్తామని 40 వేలు అడుగుతున్నారు, కట్టాలా, అసలు మొక్కల ప్రాజెక్ట్ చేస్తే ఉద్యోగం వస్తుందా లేక ఎంబీఏలో చేర్పించమంటారా అని మీ ప్రశ్న.

వాళ్ళు చెప్పింది నిజంగా అదే అయితే కట్టకండి. వరి గింజ నుంచి కాలస్ (కణాల ముద్ద) తీసి, దానికి మొక్కలోకి జీన్ చేరవేసే ఆగ్రోబ్యాక్టీరియం పట్టించి, హైగ్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ కలిపిన మీడియా మీద బతికినవి ఏరి, వాటికి మొలకలు తెప్పించి కుండీలోకి మార్చేసరికి చెయ్యి తిరిగినవాళ్ళకే మామూలుగా రెండు నెలలకి మించి పడుతుంది.

అదే బైనరీ వెక్టర్, అంటే మన జీన్‌ని మొక్కలోకి మోసే డీఎన్‌ఏ, కట్టడమైతే రెండు నెలల్లో నేర్చుకోవచ్చు, నన్నడిగితే అసలు సరుకు అదే. ఆగ్రోబ్యాక్టీరియంలో (ఆగ్రో అంటాం) ఉండే టీఐ ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్‌ఏ పొడవు దాదాపు 2 లక్షల బేస్ పెయిర్లు, అంతదాన్ని కోసి అతికించడం చాలా కష్టం, అందుకే 1983లో నెదర్లాండ్స్ సైంటిస్టులు ఆ పనిని రెండు ప్లాస్మిడ్లకి పంచారు, మొక్కలోకి వెళ్ళే టీ-డీఎన్‌ఏ ఒక చిన్నదాంట్లో, దాన్ని పంపించే విర్ జీన్స్ ఇంకోదాంట్లో. మన జీన్‌ని ఆ చిన్నదాంట్లో టీ-డీఎన్‌ఏ రెండు చివర్లు, అంటే బోర్డర్ల మధ్య పెట్టాలి. అది ఈ.కోలై అనే ల్యాబ్ బ్యాక్టీరియాలోనూ ఆగ్రోలోనూ పెరుగుతుంది కాబట్టి క్లోనింగ్ అంతా ఈ.కోలైలో కానిచ్చి చివర్లో ఆగ్రోలోకి ఎక్కిస్తారు. ఈ.కోలై ప్లేట్ 37 డిగ్రీల్లో పెడితే తెల్లారేసరికి కాలనీలు వస్తాయి, ఆగ్రోకి 28లో రెండు రోజులు ఆగాలి. తర్వాత గస్ జీన్ (స్టెయిన్ చేస్తే నీలం రంగు ఇచ్చేది) ఉన్న ఆగ్రోని సిరంజితో పొగాకు ఆకులోకి ఎక్కిస్తే రెండు మూడు రోజుల్లో స్టెయిన్ చేసి నీలం రంగు చూడొచ్చు, రెండు నెలలకి ఇది చాలు.

కాబట్టి సెంటర్‌కి పాపనే పంపి అడిగించండి, వాడే వెక్టర్ పేరేంటి, పీక్యాంబియానా పీబీఐ121నా, కాలనీ పీసీఆర్ జెల్ (జీన్ ఎక్కిందో లేదో చూసే టెస్ట్) నేనే రన్ చేస్తానా లేక మీరు చేస్తుంటే వెనక నిలబడి చూడాలా, బ్యాచ్‌లో ఎంతమంది, బయోసేఫ్టీ కమిటీ ఉందా అని. నసిగితే వచ్చేయమనండి. సర్టిఫికెట్ గురించి అడగక్కర్లేదు, అది ఎలాగూ ఇస్తారు.

ఇక ఉద్యోగం. మొక్కల ప్రాజెక్ట్ చేస్తే మొక్కల్లోనే ఇరుక్కుపోతుందని భయపడకండి, ప్లాస్మిడ్ ప్రెప్ (ప్లాస్మిడ్ బయటికి తీయడం), లైగేషన్ (డీఎన్‌ఏ అతికించడం), పీసీఆర్ (డీఎన్‌ఏ కాపీలు తీయడం) జీనోమ్ వ్యాలీ బయోటెక్ కంపెనీల్లోనూ పనికొస్తాయి, సిటీ చుట్టూ సీడ్ కంపెనీల డీఎన్‌ఏ ల్యాబులు ఎలాగూ ఉన్నాయి. కాకపోతే ఒట్టి బీఎస్సీతో క్యూసీ (క్వాలిటీ చెక్), టెక్నీషియన్ లెవెల్ జాబులే, జీతం కూడా అంతంతమాత్రం. రీసెర్చ్ కావాలంటే ఎమ్మెస్సీ తప్పదు, గ్యాట్-బీ, సీయూఈటీ పీజీ ఎంట్రన్స్‌లు రాయించండి, ఓయూకి సీపీగెట్. తర్వాత నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొడితే పీహెచ్‌డీలో నెలకి 37,000 ఫెలోషిప్, హెచ్ఆర్ఏ వేరే. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ, పటాన్‌చెరు ఇక్రిశాట్ రెండూ ఇంటికి దగ్గరే, ప్రాజెక్ట్ సీట్ కోసం అక్కడి సైంటిస్టులకి ముందు మెయిల్ పెట్టమనండి, జవాబు రాకపోతే వారం ఆగి మళ్ళీ పెట్టమనండి.

ఎంబీఏ మాట పాపకి ల్యాబ్ పని నచ్చలేదని తేలాక చూద్దాం. ఈలోపు అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.