‘అక్షరార్థం’ అంటే నిజం, ‘ఆలంకారికం’ అంటే కల్పన: ఈ లెక్క సరైనదేనా?

సందేహం: మేము కొందరం కలిసి బైబిలు చదువుకుంటాం. ఒకరు "ఈ వాక్యాన్ని అక్షరార్థంగా తీసుకోవాలి" అంటే, ఇంకొకరు "కాదు, ఇది అలంకారికం" అంటారు. అలంకారికం అనగానే "అంటే ఇది నిజం కాదంటారా?" అని కొందరు నొచ్చుకుంటారు. ఈ రెండు మాటలూ సరైనవేనా? ఇంతకన్నా మంచి మాటలు తెలుగులో ఉన్నాయా?

సమాధానం: ముందు ఆ నొచ్చుకోవడం సంగతి చూద్దాం. చిక్కంతా అక్కడే ఉంది. అలంకారం అనగానే మనకు నగలు, ముస్తాబు గుర్తొస్తాయి. నగ తీసేసినా మనిషి మనిషే. అందువల్ల ‘అలంకారికం’ అన్న మాట వినగానే, అది పైపై మెరుగేననీ అసలు నిజం వేరే ఉందనీ అనిపిస్తుంది. కానీ తప్పిపోయిన బిడ్డ దొరికినప్పుడు తల్లి "నా ప్రాణం లేచొచ్చింది" అంటుంది. ప్రాణం ఎక్కడికీ పోలేదు, తిరిగి రానూ లేదు. అయినా ఆమె అన్నది అబద్ధం కాదు. ఆ క్షణంలో అంతకన్నా నిజమైన మాట ఆమెకు దొరకదు.

మన అలంకారశాస్త్రం ఈ విషయాన్ని చాలా లోతుగా ఆలోచించింది. మాటకు మూడు శక్తులున్నాయంది: అభిధ, లక్షణ, వ్యంజన. మాట నేరుగా ఇచ్చే అర్థం వాచ్యార్థం. అది ఆ సందర్భంలో పొసగనప్పుడు, దానితో సంబంధమున్న మరో అర్థాన్ని తీసుకుంటాం. అది లక్ష్యార్థం. దీనికి శాస్త్రం ఇచ్చే ఉదాహరణ ‘గంగాయాం ఘోషః’, అంటే గంగలో గొల్లపల్లె ఉందని. నీటి మీద పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని అర్థం చేసుకుంటాం. వాచ్యార్థం పొసగకపోవాలి, కొత్త అర్థానికి దానితో సంబంధం ఉండాలి, అలా అనడానికి వాడుకో ప్రయోజనమో కారణం కావాలి. యేసు చెప్పిన "నేనే ద్వారమును" (యోహాను 10:9) అన్న మాటకు ఈ మూడూ సరిపోతాయి. అక్కడ చెక్క తలుపు గురించి ఎవరూ వాదించరు.

మూడోది వ్యంగ్యార్థం, అంటే మాట నేరుగా చెప్పకుండా స్ఫురింపజేసే అర్థం. శాస్త్రంలో అది చాలా గౌరవమైన మాటే గానీ, ఈ రోజుల్లో వ్యంగ్యం అంటే వెటకారం అనే అర్థం స్థిరపడిపోయింది. కాబట్టి మీ చర్చల్లో ‘సూచితార్థం’ అనడమే మంచిది.

ఇక బైబిలులోకే వద్దాం. యోహాను సువార్తలో ఈ వాచ్యార్థపు పొరపాటు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కొత్తగా జన్మించాలని యేసు అంటే, ముసలివాడు తల్లి గర్భంలోకి మళ్లీ ఎలా వెళ్తాడని నికొదేము అడుగుతాడు. ఈ దేవాలయాన్ని పడగొట్టండి, మూడు దినాల్లో లేపుతానంటే, వినేవాళ్లు రాతి కట్టడం అనుకుంటారు. ఆయన తన శరీరమనే దేవాలయం గురించి అన్నాడని సువార్తికుడే వివరిస్తాడు. లాజరు నిద్రిస్తున్నాడంటే శిష్యులు మామూలు నిద్రే అనుకుంటారు. అప్పుడు యేసు ‘లాజరు చనిపోయెను’ అని స్పష్టంగా చెప్పాల్సి వస్తుంది. మత్తయి 16లో పరిసయ్యుల పులిసిన పిండి గురించి జాగ్రత్త అంటే, రొట్టెలు తేలేదనే ఈ మాట అన్నాడేమోనని శిష్యులు మథనపడతారు. ఆ పిండి అంటే వాళ్ల బోధ. నాకు ఈ ఘట్టాలంటే చాలా ఇష్టం. పొరబడినవాళ్లను గ్రంథం దాచలేదు, అర్థం తెలిసేదాకా వాళ్లతో మాట్లాడింది.

అలాగని వాచ్యార్థం ప్రతిసారీ పక్కకు తప్పుకోదు. గలతీయులకు రాసిన పత్రికలో, అబ్రాహాముకు కుమారులను కన్న హాగరు, శారాల గురించి చెబుతూ పౌలు "ఈ సంగతులు అలంకార రూపకముగా చెప్పబడియున్నవి" (4:24) అంటాడు. ఆ ఇద్దరు స్త్రీలూ రెండు నిబంధనలంటాడు. అయినా వాళ్లు బతికిన మనుషులు కారని అనడు. అబ్రాహాముకు ఇద్దరు కుమారులు కలిగారని రెండు వచనాల ముందే చెప్పాడు. 9వ శతాబ్దిలో ఆనందవర్ధనుడనే అలంకారశాస్త్రవేత్త చేసిన విభజన ఇక్కడ సరిగ్గా ఉపయోగపడుతుంది. వాచ్యార్థం ఉద్దేశించనిది అవివక్షితవాచ్యం. వాచ్యార్థం ఉంటూనే మరోదాన్ని చూపేది వివక్షితాన్యపరవాచ్యం. ద్వారం మొదటి రకం, హాగరు కథ రెండో రకానికి దగ్గర. మీవాళ్లు నొచ్చుకున్నప్పుడు ఈ తేడా చెప్పండి. ఇంకో అర్థం ఉందన్నంత మాత్రాన మొదటి అర్థం చెరిగిపోనక్కర్లేదు. (పౌలు చేసిన పనికి ‘రూపకం’ కన్నా ‘అన్యాపదేశం’ (ఒకటి చెబుతూ మరోదాన్ని ఉద్దేశించడం) దగ్గరి మాట. కానీ అనువాదంలో స్థిరపడినదాన్ని మార్చమనను.)

‘అక్షరార్థం’ అన్న మాటలో ఇంకో ఇబ్బంది ఉంది. బైబిలు చర్చల్లో దాన్ని, లాటిన్‌లో అక్షరం అన్న మాట మీద పుట్టిన పదానికి బదులుగా వాడుతుంటారు. ఆ లాటిన్ సంప్రదాయంలో దాని అర్థం మనం అనుకునేంత ఇరుకు కాదు. తొలినాటి క్రైస్తవ వేదాంతి అగస్టీను ఆదికాండానికి రాసిన వ్యాఖ్యకు పేరే ‘అక్షరార్థ’ వ్యాఖ్య. అందులో ఆయన, సృష్టి అంతా ఒక్కసారే జరిగిందనీ ఆ ఆరు దినాలు మనం లెక్కపెట్టే మామూలు రోజులు కావనీ అంటాడు. 13వ శతాబ్దిలో థామస్ అక్వినాస్ అనే మరో వేదాంతి, దేవుని బాహువు అన్నప్పుడు ఆయనకు చెయ్యి ఉందనడం అక్షరార్థం కాదనీ, ఆయన శక్తి అనడమే అక్షరార్థమనీ వివరించాడు. అంటే వాళ్ల దృష్టిలో చెప్పినవాడి ఉద్దేశమే అక్షరార్థం. దానికి మన మాట ‘తాత్పర్యం’.

ఒక్క మాటను ఎలా తీసుకోవాలన్న ప్రశ్న ఎంత దూరం వెళ్తుందో 1529లో జర్మనీలోని మార్‌బర్గ్‌లో తెలిసింది. "ఇది నా శరీరము" అన్న వాక్యం మీద సంఘ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ ఒక అంగీకారానికి రాలేకపోయారు. లూథర్ ఆ వాక్యాన్ని లాటిన్‌లో సుద్దముక్కతో బల్ల మీద రాసి పెట్టుకున్నాడంటారు. అందులోని ‘ఎస్ట్’ అన్న క్రియకు ‘అయి ఉన్నది’ అని కాక ‘సూచిస్తుంది’ అని అర్థమని జ్వింగ్లీ వాదన. తెలుగు వాక్యంలో చూడండి, అసలు క్రియే లేదు! ‘ఇది’, ‘నా శరీరము’ పక్కపక్కన నిలబడితే చాలు, వాక్యం అయిపోయింది. వాదన తెలుగులో జరిగితే క్రియ మీద పట్టు చిక్కదు, మొత్తం వాక్యం తాత్పర్యం మీదే నిలవాలి.

ఆదికాండంలోని ‘దినము’ అనువాదంలో ఇంకా చిక్కైనది. 1:5లో హెబ్రీ మూలంలో ‘యోమ్’ అన్న ఒకే మాట రెండుసార్లు వస్తే, తెలుగులో ఒకచోట ‘పగలు’, రెండోచోట ‘దినము’ అయింది. మొదటిది వెలుగుండే భాగం, రెండోది రాత్రితో కలిపి. 2:4లో అదే మాట సృష్టి కాలం మొత్తానికి వస్తుంది. కాబట్టి తెలుగు మాటను పట్టుకుని ఇటో అటో తేల్చేయకండి. గంగ మీద పల్లె పొసగదని అందరూ ఒప్పుకుంటారు. ఇక్కడ వాచ్యార్థం పొసగుతుందా లేదా అన్నదే వివాదం. దాన్ని తీర్చడం వ్యాకరణం పని కాదు.

చివరగా రాత గురించి. ‘అలంకారిక’ తప్పు. ‘ఇక’ ప్రత్యయం చేరితే సంస్కృత పదం మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది, అంటే ఇక్కడ ‘అ’ ‘ఆ’ అవుతుంది: ధర్మం-ధార్మికం, సమాజం-సామాజికం, అలాగే అలంకారం-ఆలంకారికం. ‘ఆలంకారికం’ అన్న మాట తప్పు కాకపోయినా, మీ చర్చల్లో "ఇక్కడ వాచ్యార్థమా, లక్ష్యార్థమా?" అని అడగండి. రెండూ ఉన్నాయనిపిస్తే "వాచ్యార్థంతో పాటు సూచితార్థం కూడా ఉంది" అనండి.