తల దించుకుంటే మర్యాదా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. బ్యాంకు ఆఫీసరు ఉద్యోగానికి ఐబీపీఎస్ పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) మెయిన్స్ పాసై ఇంటర్వ్యూకి ఎంపికయ్యాను. మాక్ ఇంటర్వ్యూలో తల దించుకుని మాట్లాడుతున్నానని కోచింగ్ సారు కోప్పడ్డారు. మా ఇంట్లోనేమో పెద్దవాళ్ల కళ్లలోకి చూసి జవాబిస్తే పొగరంటారు. చాలా టెన్షన్‌గా ఉంది. తెలియని ప్రశ్న అడిగితే ఏం చెప్పాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: బాబూ, ఇంట్లో మీకు నేర్పింది తప్పు కాదు. కానీ ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చున్నవాళ్లు ఆలోచించేది వేరు. బ్యాంకులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి, చివరి రోజుల్లో నేనూ ఆ కుర్చీలో కూర్చున్నాను. తల దించుకున్న అబ్బాయిని చూస్తే నాకు వచ్చే సందేహం ఒకటే. రేపు ఒక రైతు బ్రాంచికి వచ్చి ‘నా లోను ఎందుకు ఆపారు’ అని గట్టిగా నిలదీస్తే, ఇతను ఆయన ముఖం చూసి సమాధానం చెప్పగలడా? పీఓ ఉద్యోగంలో ఆ పని రోజూ ఉంటుంది.

కళ్లలోకి గుచ్చి చూడమని ఎవరూ అనరు. బడిలో మీకు నచ్చిన మాస్టారు పాఠం చెబుతుంటే ఎలా చూసేవారో అలా చూడండి. అందులో పొగరు ఉండదు, భయమూ ఉండదు.

ఇంకో మాట, ఇది నా మనసుకు బాగా తగిలింది కాబట్టి చెబుతున్నాను. ప్యానెల్లో నేనొక్కదాన్నే ఆడదాన్నైనప్పుడు చాలామంది ‘గుడ్ మార్నింగ్ సర్’ అని కూర్చునేవారు. ప్రశ్న నేనడిగితే జవాబు పక్కనున్న సారుకు చెప్పేవారు. కావాలని చేసేవారని నేననుకోను. అయినా అడిగిన మనిషివైపు తిరిగి మాట్లాడటం కనీస మర్యాద. లోపలికి రాగానే అందరికీ కలిపి నమస్కారం చెప్పండి, మేడమ్ ఉంటే ఆమెకూ చెప్పండి. కాళ్లకు దండం పెట్టడం, మీరే ముందు చెయ్యి చాచడం వద్దు.

తెలియని ప్రశ్న వస్తే ‘తెలియదండీ’ అనండి. 1986లో నా మొదటి ఇంటర్వ్యూలో నాబార్డు (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) ఎప్పుడు ఏర్పడిందని అడిగితే 1969 అన్నాను. ‘బాగా గుర్తుందా?’ అని ప్రశ్న వేసిన సారు నాకు ఇంకో అవకాశం ఇచ్చారు. ‘ఖచ్చితంగా సార్’ అన్నాను. 1969లో జరిగింది 14 బ్యాంకుల జాతీయీకరణ, నాబార్డు వచ్చింది 1982లో. ఆ ఉద్యోగం నాకు రాలేదు. తేదీ తెలియకపోవడం పెద్ద నేరమేమీ కాదు. తెలియని లెక్కను తెలుసని రాసే అధికారి మాత్రం బ్యాంకుకు ప్రమాదం.

తుది జాబితాలో మెయిన్స్‌కు 80 శాతం, ఇంటర్వ్యూకు 20 శాతం వెయిటేజీ. అంటే మీ చదువే ఇప్పటికే పెద్ద భాగం మోసింది, ధైర్యంగా వెళ్లండి. ముందురోజే పదో తరగతి మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు చూసుకోండి. మన పిల్లలకు ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో ఒక్క అక్షరమే ఉంటుంది. తేడా ఉంటే అఫిడవిట్ చేయించుకోండి. సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర కంగారు పడితే ఆ కంగారు లోపలిదాకా వస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూలో ‘పెళ్లెప్పుడు? పిల్లల్ని ఎప్పుడు కంటారు?’ అని అడిగారు. ఏడుపొచ్చింది. ఎలా జవాబివ్వాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మర్యాద తప్పింది వాళ్లు. 2017 నుంచి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు చట్టంలో ఉంది. దాన్ని ఖర్చుగా చూసే యజమానులు ఇలాంటి ప్రశ్నలు వేస్తారు. గొంతు పెంచకుండా ‘అది నా సొంత విషయమండీ, పనికి సంబంధించి ఏదైనా అడగండి’ అనండి. ఆ వెంటనే షిఫ్టుల గురించో, చేరాల్సిన తేదీ గురించో మీరే అడగండి. ఆఫర్ లెటర్ వస్తే చేరేముందు అక్కడ పనిచేసే ఆడపిల్లలతో మాట్లాడండి. ప్రసవం తర్వాత ఎంతమంది తిరిగి అదే సీటులో కూర్చున్నారో అడిగి తెలుసుకోండి.