అమ్మకి మొదటి ట్యాబ్ కొనేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ అమ్మగారికి ట్యాబ్ కొనాలనుకుంటున్నానని, ఏది మంచిదో చెప్పమని రాశావు. కంపెనీ పేరు, మోడల్ పేరు చూడబోయే ముందు రెండు సంగతులు తేల్చుకో. ఆవిడ దాంతో ముఖ్యంగా ఏం చేస్తారు? అది ఎక్కడైనా ఆగిపోతే సరిచేసిపెట్టేది ఎవరు? రెండోదే అసలు ప్రశ్న. సాయం చేసేవాళ్ల చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే ఆండ్రాయిడ్ ట్యాబే కొను, ఐఫోన్ ఉంటే ఐప్యాడ్ కొను. రెంటిలో ఏది గొప్పదన్న వాదనతో నీకు పని లేదు. "కుడివైపు పై మూల నుంచి వేలు కిందికి లాగమ్మా" అని ఎదుట లేకుండా చెప్పగలిగేది, రోజూ అలాంటి తెరనే చూసేవాళ్లు మాత్రమే.

సైజు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. తేలిగ్గా ఉంటుందని 8 అంగుళాలది కొంటారు. అక్షరాలు ఆవిడ కంటికి సరిపడేంత పెద్దవి చేసేసరికి వరసకి మూడు నాలుగు మాటలకన్నా పట్టవు. 10 నుంచి 11 అంగుళాల మధ్య తీసుకో. అది ఒట్టిగానే 450 నుంచి 500 గ్రాములుంటుంది. కేస్ వేస్తే ముప్పావు కిలో దాకా పోతుంది. కీళ్ల నొప్పులున్న మణికట్టు అంత బరువుని పది నిమిషాలు మోయలేదు కాబట్టి కేస్‌కి స్టాండ్ తప్పనిసరి. అయస్కాంతంతో మడతపడే పల్చటి కవర్లు ఒళ్లో పెట్టుకుంటే కూలిపోతాయి. వెనకాల గట్టి కాలు లాంటిది తెరుచుకునే కేస్ చూడు. 13 అంగుళాలవి బల్ల మీది నుంచి కదపకుండా వాడితేనే పనికొస్తాయి.

తెర ఎంత పెద్దదన్నదే కాదు, ఎంత నాణ్యమైనదన్నదీ చూడాలి. 10 అంగుళాల తెర మీద 1280 × 800 రిజల్యూషన్ (అడ్డంగా, నిలువుగా ఉండే చుక్కల లెక్క) ఉంటే అంగుళానికి దాదాపు 150 చుక్కలే పడతాయి. 1920 × 1200 ఉంటే 220 దాటుతాయి. ఇంగ్లీషు అక్షరాలకి ఆ తేడా అంతగా తెలియదు. తెలుగులో వత్తులు, సుడులు, సున్నాలు కలిసిపోయి మసకగా కనిపిస్తాయి. ఇక చవక ట్యాబుల్లో వెలుతురు చాలదు. కిటికీ పక్కన కూర్చుంటే తెరలో మన ముఖమే కనిపిస్తుంది. దుకాణంలో దాని మీద తెలుగు పేజీ ఒకటి తెరిచి, ట్యూబులైట్ కింద వాల్చి పట్టుకుని చదివి చూడు. తెరకి రక్షణగా పైన గ్లాస్ వేయించేటప్పుడు మెరుపు లేని మ్యాట్ రకం వేయించవచ్చు. దానివల్ల అక్షరం పదును కాస్త తగ్గుతుంది, అందుకే తక్కువ రిజల్యూషన్ తెర మీద మాత్రం వద్దు.

వీడియో కాల్స్ కోసమే అయితే ముందు కెమెరా ఏ అంచున ఉందో చూడు. ట్యాబ్‌ని స్టాండ్ మీద అడ్డంగా పెడతాం. కెమెరా పొట్టి అంచున ఉంటే అప్పుడు అది పక్కకి పోతుంది, ఆవిడ ఎటో చూస్తూ మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. పొడవు అంచు మధ్యలో కెమెరా ఉన్నవి దొరుకుతున్నాయి, అవే తీసుకో. స్పీకర్లు రెండు పక్కలా ఉండాలి. ఒకే పక్క ఉంటే పట్టుకున్న చెయ్యే దాన్ని మూసేస్తుంది. ఆవిడ వినికిడి యంత్రం వాడుతుంటే, దాన్ని తీసుకెళ్లి బ్లూటూత్‌లో కలుస్తుందో లేదో అక్కడే కలిపి చూడు. వైరు ఇయర్‌ఫోన్‌కి అలవాటు పడ్డవారైతే 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉందో లేదో అడుగు, చాలా మోడళ్లలో ఇప్పుడది తీసేశారు.

స్టోరేజ్ 64 జీబీకి తగ్గకూడదు, 128 ఉంటే నిశ్చింత. 32 జీబీ దానిలో సిస్టమ్ తినేయగా మిగిలింది గుడ్ మార్నింగ్ వీడియోలతో నెలల్లోనే నిండిపోతుంది. అప్పుడు ట్యాబ్ నత్తనడక నడుస్తుంది, ఆవిడేమో తనే ఏదో పాడుచేశానని భయపడతారు. ర్యామ్, అంటే యాప్‌లు నడిచేటప్పుడు వాడుకునే మెమరీ, కనీసం 4 జీబీ ఉండాలి. ఛార్జింగ్ రంధ్రం యూఎస్‌బీ-సీ అయి ఉండాలి, ఎటు తిప్పి పెట్టినా దిగుతుంది. పాత మైక్రో యూఎస్‌బీని తలకిందులుగా కుక్కి విరగ్గొట్టడం పెద్దవాళ్ల ఇళ్లలో మామూలే.

"ఇంట్లో పాత ట్యాబ్ మూలన పడుంది, అదే ఇచ్చేద్దాం" అన్న ఆలోచన నీకూ వచ్చే ఉంటుంది. సెట్టింగ్స్‌లో చివరి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడు. అది రెండేళ్ల వెనకటిదై, కొత్తవి రావడం ఆగిపోయి ఉంటే ఇవ్వకు. యాప్‌లు ఒక్కొక్కటే పనిచేయడం మానేస్తాయి, బ్యాటరీ కూడా సగానికి వచ్చి ఉంటుంది. కొత్తది కొన్నా, అప్‌డేట్లు ఏ ఏడాది దాకా ఇస్తామని తయారీదారు చెప్పాడో చూసి కొను. సెకండ్ హ్యాండ్‌ది అయితే పాత యజమాని తన ఖాతా పూర్తిగా తీసేశాడని నీ ఎదుట రుజువయ్యాకే డబ్బివ్వు. లేకపోతే రీసెట్ చేశాక అతని పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇక అది పలకతో సమానం.

వాట్సాప్ గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. ఆవిడ ఫోన్‌లో వాట్సాప్ ఉంటే ట్యాబ్‌ని దానికి లింక్ చేస్తావు. ట్యాబ్ మీద క్యూఆర్ కోడ్ వస్తుంది, ఫోన్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి స్కాన్ చేస్తే చాలు. అయితే ఆ ఫోన్‌లో వాట్సాప్ 14 రోజులకి మించి తెరవకపోతే ట్యాబ్ దానంతటదే లాగౌట్ అయిపోతుంది. ట్యాబ్ వచ్చిందని ఫోన్‌ని బీరువాలో పెట్టేస్తే జరిగేది అదే. ఆదివారం ఆదివారం ఫోన్ ఛార్జింగ్ పెట్టి ఒకసారి వాట్సాప్ తెరవడం అలవాటు చెయ్యి. ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగే సెట్టింగ్‌ని రెంటిలోనూ ఆపెయ్యి.

సిమ్ పట్టే ట్యాబ్ కావాలా అంటే, ఇంట్లో వైఫై నిలకడగా ఉన్నప్పుడు అక్కర్లేదు. లేనప్పుడు మాత్రం సిమ్‌దే కొను. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసుకుని కలుపుకోమని ఆవిడని రోజూ అడగడం జరిగే పని కాదు.

కొన్న పెట్టెని అలాగే తీసుకెళ్లి చేతిలో పెట్టకు. ఒక రోజు నీ దగ్గరే ఉంచుకుని అన్నీ సర్దు. ముందు అప్‌డేట్లన్నీ పూర్తి చెయ్యి. ఖాతా ఆవిడ పేరు మీదే తెరిచి, రికవరీ నంబరుగా నీది ఇయ్యి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి నువ్వు దాచు. అక్షరాల సైజు, డిస్‌ప్లే సైజు రెండూ పెంచు. స్క్రీన్ ఆరిపోయే సమయం 30 సెకన్లు ఉంటే 10 నిమిషాలు చెయ్యి, చదువుతుండగా తెర నల్లబడితే చెడిపోయిందనుకుంటారు. తెర తిరగకుండా రొటేషన్ లాక్ వెయ్యి. ఆండ్రాయిడ్‌లో నావిగేషన్ దగ్గర 3 బటన్ల పద్ధతి ఎంచుకో. అంచు నుంచి వేలు జార్చే పద్ధతి వణికే చేతికి పట్టుబడదు. హోమ్ బటన్ లేని ఐప్యాడ్‌లో అసిస్టివ్ టచ్ (తెర మీద తేలుతూ ఉండే బటన్) ఆన్ చేసి, దాన్ని ఒకసారి నొక్కితే హోమ్‌కి వెళ్లేలా పెట్టు. ఎక్కడ తప్పిపోయినా ఆ ఒక్కటి నొక్కితే ఇంటికి చేరతారు.

పెద్దవాళ్ల వేళ్లు పొడిగా ఉంటాయి, నెమ్మదిగా ఆనతాయి. పొడి వేలిని తెర కొన్నిసార్లు గుర్తించదు. గుర్తించినా, వేలు ఎక్కువసేపు ఆనడంతో అది లాంగ్ ప్రెస్ అయి ఐకాన్లు కదలడం మొదలవుతుంది, ఏదో ఒకటి చెరిగిపోతుంది. ఆండ్రాయిడ్ యాక్సెసిబిలిటీలో టచ్ అండ్ హోల్డ్ డిలే అనే దాన్ని లాంగ్ చెయ్యి. ఐప్యాడ్‌లో టచ్ అకామడేషన్స్ అని ఉంటుంది, అక్కడ వేలు ఎంతసేపు ఆనితే లెక్కలోకి రావాలో, వెంటవెంటనే పడే రెండో తాకిడిని ఎంతసేపు పట్టించుకోకూడదో పెట్టవచ్చు. రబ్బరు మొన ఉన్న మామూలు స్టైలస్ (వేలికి బదులు తెరని తాకే కలం) ఒకటి కేస్‌కి దారం కట్టి ఇయ్యి, వణుకున్నవాళ్లకి బాగా పనికొస్తుంది. వేలిముద్ర లాక్ మీద ఆధారపడకు, వయసుతో గీతలు అరిగి అది తరచూ పనిచేయదు. ఆవిడ మరచిపోని 4 అంకెల పిన్ చాలు. టైపింగ్‌కి బదులు గూగుల్ వాళ్ల కీబోర్డ్ యాప్ జీబోర్డ్‌లో తెలుగు పెట్టి, మైక్ బొమ్మ నొక్కి మాట్లాడటం చూపించు.

మొదటి తెర మీద ఐదారు ఐకాన్లకి మించి ఉంచకు. వాటి చోటు మళ్లీ మార్చకు, ఆవిడ పేరు చదివి కాదు, చోటు చూసి గుర్తుపెట్టుకుంటారు. వాట్సాప్ తప్ప మిగతావాటి నోటిఫికేషన్లన్నీ ఆపు.

బ్యాంకు యాప్‌లు మొదట్లో దీంట్లో వద్దు. యాప్ కొనుగోళ్లకి ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టు. దూరం నుంచి తెర చూసి సరిచేసే యాప్ వేసుకుంటే ఒక కట్టడి చెప్పు: నువ్వు ఫోన్ చేసి, నీ గొంతు పోల్చుకున్నాక మాత్రమే దాన్ని తెరవాలి. బ్యాంకు నుంచి అంటూ ఎవరు ఏది తెరవమన్నా ఫోన్ పెట్టెయ్యాలి. దీన్ని ఒక్కసారి చెప్పి ఊరుకోకు, వారానికోసారి గుర్తుచెయ్యి.

ఛార్జర్ కూడా చూసుకో. పాత ఫోన్‌ది 5 వాట్లది పెడితే పెద్ద బ్యాటరీ నిండటానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. ట్యాబ్‌తో వచ్చిందో, 15 వాట్లకి తగ్గనిదో వాడు. 2 మీటర్ల కేబుల్ కొని, ఆవిడ కూర్చునే కుర్చీ పక్కనే ట్యాబ్‌కి, ఛార్జర్‌కి స్థిరమైన చోటు చెయ్యి.

నేర్పేటప్పుడు మొదటి వారం ఒక్కటే నేర్పు: కాల్ వస్తే ఎత్తడం. రెండో వారం కాల్ చేయడం. ఫొటోలు, పాటలు ఆ తర్వాతి మాట. ట్యాబ్ ఆవిడ చేతిలోనే ఉండాలి. ఆలస్యమవుతోందని లాక్కుని నువ్వే నొక్కేస్తే ఆవిడకి నీ వేలు తప్ప మరేం కనిపించదు. మెట్లు పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి స్టాండ్ పక్కన నిలబెట్టు, ఒక్కో మెట్టుకి ఒక్కటే వాక్యం. కాల్ చేసినప్పుడు చివరి రింగు దాకా ఆగు. ఎత్తకపోతే వెంటనే మళ్లీ చెయ్యకు, వేలు బటన్ దాకా వెళ్లేలోపు తెర మారిపోయి గాభరా పడతారు. పది నిమిషాలు ఆగి చెయ్యి.