ఎండతో విమానాలు ఛార్జ్ అవుతాయా? ముందు మా డాబా సంగతి వినండి

అడిగిన ప్రశ్న ఇది: "కడప, కర్నూలు లాంటి చిన్న ఎయిర్‌పోర్టుల్లో సోలార్ ప్యానెళ్లు పెట్టి ఎలక్ట్రిక్ విమానాలు ఛార్జ్ చేయొచ్చా?"

చేయొచ్చు. కాకపోతే మీ మనసులో ఉన్న విమానం వేరు, అయ్యే పని వేరు. నేను విమానాల మనిషిని కాను. బోయిన్‌పల్లిలో ఉంటాను, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. నా అర్హత అంతే. కానీ పోయిన సంవత్సరం మే నెలలో మా ఇంట్లో జరిగింది విన్నాక మీరే ఒప్పుకుంటారు, ఈ ప్రశ్నకి జవాబు చెప్పే హక్కు నాకుందని.

కేంద్రం 78,000 సబ్సిడీ ఇస్తుందంటే ప్యానెళ్లు పెట్టించాను. మా అత్తగారు వడియాలు ఎండబెట్టుకునే జాగా పోయిందని మూడు నెలలు మాట్లాడలేదు, అది వేరే కథ. మా బావమరిదిది కడప. ఏదో పెళ్లికొచ్చి, సాయంత్రం ఫ్లైటుకి తిరిగి వెళ్లాలి. మధ్యాహ్నం రెండింటికి గాలిదుమారం లేచింది. పది నిమిషాలు దంచి కొట్టి, వీధి చివర గుల్మొహర్ కొమ్మ ఒకటి వైర్ల మీద పడేసి వెళ్లిపోయింది. కరెంటు పోయింది. ఆ వెంటనే మబ్బు విడిపోయి, మాడు పగిలే ఎండ.

బావమరిది ఫోన్లో ఛార్జింగ్ 3 శాతం, బోర్డింగ్ పాస్ అందులోనే. వాణ్ణి సికింద్రాబాద్‌లో పుష్పక్ బస్సు ఎక్కించాల్సిన నా ఎలక్ట్రిక్ స్కూటర్లో 4 శాతం. నేను మాత్రం ధీమాగా ఉన్నాను. పైన సోలార్ ఉంది కదా, భయమెందుకు? ప్లగ్గు పెట్టాను. ఏమీ లేదు. ఇన్వర్టర్ దగ్గరికెళ్లి చూస్తే ఎర్ర లైటు వెక్కిరిస్తోంది. ప్యానెళ్లు బిగించిన కుర్రాడికి మా ఆవిడ ఫోన్లోంచి కాల్ చేశాను.

"సార్, మీది ఆన్‌గ్రిడ్ సార్. లైన్ల కరెంటుంటేనే అది నడుస్తది."

"లైన్లో కరెంటుంటే నీ సోలార్ నాకెందుకయ్యా?"

"బిల్లు తగ్గుతది కద సార్."

అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. బావమరిది మాత్రం వదిలిపెట్టలేదు. "ఏం బావా, నెత్తిన ఇంత ఎండ పెట్టుకోని పక్కింటోళ్ల ఇన్వర్టర్ అడుక్కుంటాండావా?" అన్నాడు. నిజంగానే అడుక్కున్నాం. పక్కింట్లో పాతకాలపు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటుంది. దాని పుణ్యమా అని ఫోను 20 శాతానికి ఎక్కింది. స్కూటర్ని వదిలేసి ఆటోలో పంపాను.

తర్వాత తెలిసింది, అది ఆ కుర్రాడి తప్పు కాదని. స్తంభం మీద వైరు బాగుచేస్తున్న లైన్‌మన్‌కి మన డాబా మీది కరెంటు వెనక్కి వెళ్లి షాక్ కొట్టకూడదు కాబట్టి, గ్రిడ్ పోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. న్యాయమే. కానీ అమ్మేటప్పుడు ఒక్క ముక్క చెప్పాలి కదా! బ్రోషర్లో నవ్వుతున్న కుటుంబం ఉంది, పచ్చటి ఆకు ఉంది, ఈ సంగతి మాత్రం లేదు.

ఇప్పుడు ఎయిర్‌పోర్టులకి వద్దాం. 2015లో కొచ్చి ఎయిర్‌పోర్టు 12 మెగావాట్ల ప్లాంటు పెట్టి, ప్రపంచంలోనే పూర్తిగా సోలార్‌తో నడిచే మొదటి ఎయిర్‌పోర్టు అనిపించుకుంది. గొప్పే, కాదనను. అయితే రాత్రి విమానాలకి వెలిగే లైట్లు ఏ సూర్యుడివి? పగలు మిగిలిన కరెంటు గ్రిడ్‌కి ఇచ్చి, రాత్రి వెనక్కి తీసుకుంటారు. అంటే మా డాబాకి పెద్దన్న. మన శంషాబాద్‌లోనూ 10 మెగావాట్ల ప్లాంటు ఉంది. లైట్లకి, ఏసీలకి ఈ పద్ధతి చాలు. విమానం ఛార్జింగ్ దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది.

లెక్కల మాస్టార్ని కాబట్టి వేసి చూపిస్తాను. కడప, హైదరాబాద్ మధ్య తిరగడానికి సరిపోయే ఏటీఆర్ 72 లాంటి, డెబ్బై మంది దాకా పట్టే విమానం గంటకి రమారమి 700 కిలోల ఇంధనం తాగుతుంది. కిలోలో 12 యూనిట్ల శక్తి ఉంటుంది, ఇంజిన్ అందులో మూడో వంతుకి కాస్త తక్కువే వాడుకోగలదు. అదే పని మోటారుతో చేయిస్తే నా అంచనాలో గంటకి 2,800 యూనిట్లు కావాలి. మన దగ్గర ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకి సగటున 4 యూనిట్లు ఇస్తుంది. అంటే గంటసేపు సాగే ఒక ట్రిప్పుకి 700 కిలోవాట్ల ప్లాంటు ఒక రోజంతా పనిచేయాలి. కొచ్చిలో 12 మెగావాట్లు 45 ఎకరాల్లో పట్టాయి కదా, ఆ లెక్కన మూడు ఎకరాలు చాలు. రోజుకి నాలుగు ట్రిప్పులకి పదకొండెకరాలు. రాయలసీమలో ఎండకి కరువా, జాగాకి కరువా? కర్నూలు వాళ్ల ఓర్వకల్లు ఎయిర్‌పోర్టుకి పొరుగునే గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. కాబట్టి "ప్యానెళ్లు సరిపోవు" అనేవాళ్ల మాట నమ్మకండి.

అసలు చిక్కు గడియారంతో. ఇలాంటి విమానం దిగి, జనాన్ని దించి, మళ్లీ ఎక్కించుకుని అరగంటలో వెళ్లిపోతుంది. ఆ అరగంటలో 2,800 యూనిట్లు ఎక్కించాలంటే 5,600 కిలోవాట్లు ఒక్కసారిగా కావాలి. మా డాబాలాంటివి 1,800 పైచిలుకు డాబాలు, అన్నీ నడినెత్తి ఎండలో, ఒకే క్షణాన. మధ్యలో మబ్బు వస్తే? పైలట్ కిటికీలోంచి ఆకాశం వంక చూస్తూ కూర్చుంటాడా?

హైదరాబాద్ వాళ్లకి దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. నల్లా నీళ్లు మనకి కావలసినప్పుడు రావు, వచ్చినప్పుడు పట్టి సంపులో దాచుకుంటాం. సంపు లేని ఇల్లు ఎవరైనా కొంటారా? ఎయిర్‌పోర్టుకీ అంతే. పొద్దంతా ఎండ సన్నధారగా పోస్తుంటే నేల మీద పెద్ద బ్యాటరీ నిండాలి, విమానం రాగానే అందులోంచి గుమ్మరించాలి. ఈ పద్ధతికి చిన్న ఎయిర్‌పోర్టులే మేలు, ఎందుకంటే ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య గంటల కొద్దీ ఖాళీ ఉంటుంది. బ్యాటరీ ఊసు లేకుండా "ఇన్ని మెగావాట్లు" అని శంకుస్థాపన ఫలకం మీద రాస్తే మాత్రం అది నా స్కూటర్ కథే.

ఇంతా చేస్తే అంత పెద్ద ఎలక్ట్రిక్ విమానం ఇంకా లేదు. నేను చెప్పిన 2,800 యూనిట్లు మోయాలంటే ఇప్పటి బ్యాటరీలతో దాదాపు 14 టన్నులు. ఏటీఆర్ నిండా బరువుతో ఎగరగలిగేదే 23 టన్నులు. ప్రయాణికులు, సామాన్లు కలిపి మోసేది ఏడు టన్నుల చిల్లర. పైగా ఇంధనం కాలేకొద్దీ విమానం తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా బరువు మాత్రం గ్రాము తగ్గదు. తొమ్మిది సీట్ల ఆలిస్ అనే విమానం 2022 సెప్టెంబరులో అమెరికాలో మొదటిసారి ఎగిరింది, ఎనిమిది నిమిషాలు. "రెక్కల మీదే ప్యానెళ్లు పెట్టొచ్చు కదా" అంటాడు మా బావమరిది. పెట్టారయ్యా. సోలార్ ఇంపల్స్ 2 అని, 2015లో అహ్మదాబాద్‌లో కూడా దిగింది. 72 మీటర్ల రెక్కలు, 17 వేల పైన సోలార్ సెల్స్, ఎక్కగలిగేది మాత్రం ఒక్కడు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? మా ఇంటి పైన! బేగంపేటలో నేర్చుకునే పిల్లల విమానాలు ఆదివారం పొద్దున్నే మా డాబా మీద గుండ్రంగా తిరుగుతుంటాయి, నిద్ర పట్టనివ్వవు. ఇలాంటి చిన్న పిస్టన్ విమానాల్లో వాడే 100 ఎల్ఎల్ పెట్రోల్లో ఇప్పటికీ సీసం కలుపుతారు. కార్ల పెట్రోల్లో ఎప్పుడో మానేశాం, దీన్ని అడిగే నాథుడు లేడు. పిపిస్ట్రెల్ కంపెనీ చేసిన వెలిస్ ఎలక్ట్రో అనే రెండు సీట్ల విమానానికి యూరప్‌లో 2020లోనే అనుమతి వచ్చింది. ఎగిరేది 50 నిమిషాలే, కానీ శిక్షణ విమానం టేకాఫ్ అయ్యి, చుట్టు తిరిగి, అదే రన్‌వే మీద దిగుతుంది. అంతకన్నా ఏం కావాలి? దాని బ్యాటరీ 22 యూనిట్ల లెక్క. మా డాబా రోజుకి 12 ఇస్తుంది. అంటే నా ఇంటి రెండు రోజుల ఎండతో ఒక పిల్లాడు ఒక పాఠం నేర్చుకోవచ్చు. మన ఎన్‌ఏఎల్ (బెంగళూరులోని ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థ) వాళ్లు కూడా ఈ-హంస అని ఇలాంటి రెండు సీట్లదే తయారుచేస్తారని 2025లో కేంద్ర మంత్రి ప్రకటించారు.

ఇంకోటి. మేలో ఎండ ఎక్కువ కాబట్టి కరెంటు ఎక్కువ అనుకుంటారు అందరూ. వేడెక్కేకొద్దీ ప్యానెల్ బద్ధకిస్తుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.4 శాతం దాకా తగ్గుతుంది. రోహిణి కార్తెలో ప్యానెల్ మీద చెయ్యి పెట్టి చూడండి, దోసె వేయొచ్చు. నా ఫోన్లో యాప్ చూస్తే, మిట్టమధ్యాహ్నం అందేది మేలో కంటే ఫిబ్రవరిలోనే ఎక్కువ.

నేనైతే ఆ గాలిదుమారం తర్వాత, లైన్లో కరెంటు పోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు, 5 యూనిట్ల లిథియం బ్యాటరీ పెట్టించాను. సబ్సిడీ పోను ప్యానెళ్లకి నాకైనంత ఖర్చూ మళ్లీ దీనికీ అయింది. అత్తగారి వడియాలకి ప్యానెళ్ల వెనకాల ఒక మూల దొరికింది గానీ, ప్యానెళ్ల కింద పావురాలు కాపురం పెట్టాయి. మొజంజాహీ మార్కెట్ దగ్గర గింజలు చల్లి పుణ్యం మూటగట్టుకునేవాళ్లు ఒకసారి మా డాబాకొచ్చి ఆ రెట్టలు కడగాలి. విమానాల దగ్గర పక్షి అంటే ప్రాణాల మీదికొచ్చే సంగతి కాబట్టి, ఎయిర్‌పోర్టు వాళ్లు ప్యానెళ్ల కింద ఏం వేస్తారో తెలుసుకోవాలనుంది. మీలో ఎవరైనా జాలీ వేయించి ఉంటే ఎంత కన్నుది వేశారో, అడుగుకి ఎంత తీసుకున్నారో చెప్పండి. నాకు ఒకడు అడుగుకి 90 చెప్పాడు, మోసమనిపిస్తోంది.