మీడియా, రాజకీయాల మీద ఎంఏ చేస్తే బతుకుదెరువు ఉంటుందా?

ప్రశ్న: మాది కల్వకుర్తి. ఆర్టీసీలో కండక్టర్‌ని. మా అమ్మాయి బీఏ ఫైనలియర్ చదువుతోంది. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ గ్రూపు. బీఈడీ చేసి టీచర్ పోస్టుకు ప్రిపేర్ కమ్మంటే వినడం లేదు. ఎంఏ పొలిటికల్ సైన్స్ చేసి, రాజకీయాల మీద మీడియా ప్రభావం ఎంతో పరిశోధన చేస్తానంటోంది. ఇంట్లో ఉన్నంతసేపూ ఫోన్‌లో యూట్యూబ్ న్యూస్ ఛానళ్లు చూస్తూ నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటుంది. 'రాజకీయ సంస్కృతి' అని పెద్ద సబ్జెక్టు ఉందట. దానికి ఉద్యోగాలు ఉన్నాయా? ముందు ఆ ఫోన్ తీసేసుకోమంటారా?

జవాబు: ఫోన్ తీసుకోకండి. వార్తలు చూసేవాళ్లు ఊరి నిండా ఉన్నారు, చూస్తూ రాసుకునేవాళ్లే లేరు. ఒకసారి ఆ నోట్‌బుక్ అడిగి చూడండి. ఏ ఛానల్ ఏ వార్తతో మొదలుపెట్టింది, దేన్ని అసలు ముట్టుకోలేదు లాంటివి అందులో ఉంటే అమ్మాయి పరిశోధన అప్పుడే మొదలైనట్టు. సినిమా పాటలుంటే సంగతి వేరు.

ఉద్యోగాల దగ్గరికి వెళ్లే ముందు ఈ సబ్జెక్టు ఏమిటో మీకు నాలుగు ముక్కలు చెప్తాను. దీని ముడిసరుకు రోజూ మీ బస్సులోనే దొరుకుతుంది కాబట్టి మీకు సులువుగానే తెలుస్తుంది.

ప్రభుత్వం అంటే జనం ఏమనుకుంటారు, దాని నుంచి ఏం ఆశిస్తారు, తప్పు చేస్తే నిలదీయగలమన్న నమ్మకం వాళ్లకు ఉందా లేదా, వీటన్నిటినీ కలిపి రాజకీయ సంస్కృతి అంటారు. గాబ్రియెల్ ఆల్మండ్, సిడ్నీ వెర్బా అనే ఇద్దరు అమెరికన్ ప్రొఫెసర్లు అమెరికా, బ్రిటన్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, మెక్సికోల్లో ఒక్కో దేశంలో దాదాపు వెయ్యి మందిని ప్రశ్నలడిగి 1963లో ఒక పుస్తకం వేశారు. జనం పోకడలను మూడు రకాలుగా చెప్పారు. సర్కారు ఊసే పెద్దగా పట్టనిది మొదటిది. సర్కారు ఇస్తే తీసుకోవడం, చెప్తే వినడం రెండోది. మనం అడగొచ్చు, మార్చొచ్చు అనుకునేది మూడోది. నిజానికి ఏ దేశంలోనైనా ఈ మూడూ కలిసే ఉంటాయి, పాళ్లలోనే తేడా. వాళ్లు అడిగిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. మీకు అన్యాయం చేసే చట్టం వస్తోందనుకోండి, మీరు ఏమైనా చేయగలరా? ఇదే ప్రశ్న కల్వకుర్తి బస్టాండులో అడిగితే ఏం జవాబులు వస్తాయో మీరు ఊహించగలరు.

ఈ సిద్ధాంతాన్ని అమ్మాయి బట్టీ పట్టి పరీక్షలో దించేస్తే మార్కులు వస్తాయి, అంతకుమించి ఏమీ రాదు. మన జిల్లాల మీద పెట్టి చూస్తేనే అసలు చదువు. 2022 నవంబరులో మునుగోడు ఉప ఎన్నికలో 93 శాతం పైగా పోలింగ్ జరిగింది. ఆల్మండ్ లెక్కలో అది మూడో రకం సంస్కృతికి గొప్ప ఉదాహరణ అనాలి. మరి అంతగా బారులు తీరిన ఓటర్లలో గ్రామసభకు వెళ్లి పంచాయతీ లెక్కలు అడిగేవాళ్లు ఎందరు? ఓటు వేయడం, నిలదీయడం ఒకటేనా? ఇక్కడ అమ్మాయికి ఒక మంచి ప్రశ్న దొరికింది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే 1996 లోక్‌సభ ఎన్నికలు. ఆ ఏడాది నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన పల్లెల గోడు ఢిల్లీ దాకా వినిపించాలని జలసాధన సమితి పిలుపుతో మామూలు రైతులు వందల కొద్దీ నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. వాళ్లు గెలుద్దామని వేయలేదు, వార్త కావాలని వేశారు. అయ్యారు కూడా. అదే ఏడాది తమిళనాడులోని మొడక్కురిచ్చి అసెంబ్లీ స్థానంలో వెయ్యికి పైగా అభ్యర్థులు నిలబడ్డారు. తర్వాత పార్లమెంటు చట్టం మార్చి, లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను జనరల్ వర్గానికి 500 రూపాయల నుంచి ఒక్కసారే 10,000కు పెంచింది. ఇప్పుడది 25,000. మరి నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు రైతు వేసిన ఆ నామినేషన్ ఆల్మండ్ గీసిన మూడు గళ్లలో దేంట్లో పడుతుంది? సర్కారే నీళ్లియ్యాలి అనడంలో రెండోది ఉంది, ఇయ్యకపోతే మీ ఎన్నికనే ఇరకాటంలో పెడతాం అనడంలో మూడోది ఉంది. అమెరికా, బ్రిటన్‌లను కొలబద్దగా పెట్టుకుని మిగతా దేశాలకు మార్కులు వేశారని ఆ ప్రొఫెసర్ల మీద విమర్శ ఎందుకొచ్చిందో ఈ ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది. మీడియా జనాన్ని నడిపిస్తుందని అందరూ అంటారు కదా, నల్లగొండలో జనమే మీడియాను తమ వైపు తిప్పుకున్నారు.

ఇటలీలో రాబర్ట్ పట్నం చేసిన అధ్యయనం గురించి కూడా అమ్మాయి చదవాలి. 1970లో అక్కడ చాలా ప్రాంతాలకు ఒకే తరహా ప్రభుత్వాలు పెట్టారు. ఉత్తరాన బాగా నడిచాయి, దక్షిణాన నీరసించాయి. సంఘాలు, సహకారం, ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉన్నచోట ప్రభుత్వం కూడా బాగా పనిచేసిందని ఆయన తేల్చారు. పక్కపక్క రెండు ఊళ్ల మహిళా సంఘాలను పోల్చి చూడటానికి ఇది పనికొస్తుంది.

ఇక మీడియా సంగతి. 1940లో అమెరికాలోని ఓహాయోలో ఎన్నికలప్పుడు పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒకే కౌంటీ ఓటర్లను నెలల తరబడి మళ్లీ మళ్లీ కలిసింది. రేడియో, పేపర్లు నేరుగా ఓటు మార్చింది తక్కువని, వాటిని చదివి నలుగురికీ చెప్పే మనుషుల మాటే ఎక్కువ పనిచేసిందని తేలింది. హోటల్‌లో చాయ్ తాగుతూ పేపర్ పైకి చదివి, 'నేను చెప్తున్నా చూడు' అనే పెద్దమనిషి మీకు తెలియకుండా ఉండడు. ఇవాళ ఆ పని ఊరి వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చేసేవాళ్లు చేస్తున్నారు.

తర్వాత 1968 అధ్యక్ష ఎన్నికప్పుడు చాపెల్ హిల్ అనే ఊళ్లో మెక్‌కోంబ్స్, షా అనే ఇద్దరు ఎవరికి వేయాలో ఇంకా తేల్చుకోని వంద మంది ఓటర్లను పట్టుకుని, 'మీకు ముఖ్యమైన సమస్యలేవి' అని అడిగారు. ఆ జవాబులను అక్కడి వార్తల్లో ఎక్కువ చోటు దక్కిన అంశాలతో పోలిస్తే వరుస దాదాపు ఒకేలా వచ్చింది. దేని గురించి ఆలోచించాలో మీడియా నిర్ణయిస్తుందనే సిద్ధాంతం అక్కడే పుట్టింది. ఎజెండా సెట్టింగ్ అంటారు. 1972లో అచ్చయింది.

అమ్మాయికి నేను చెప్పే మొదటి పని దీని మీదే, ఎంఏలో చేరేదాకా ఆగక్కర్లేదు. రెండు తెలుగు పేపర్ల నాగర్‌కర్నూల్ జిల్లా పేజీలు ఒక నెలవి దాచమనండి. స్కేలు తీసుకుని ఒక్కో వార్త ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు ఉందో కొలిచి రాయాలి. సాగునీళ్లు, బడులు, పింఛన్లు, యాక్సిడెంట్లు, పార్టీల తగాదాలు, నాయకుల పుట్టినరోజులు ఇలా తలా ఒక గడి. పుట్టినరోజుల గడి ఎంత నిండుతుందో చూస్తే మీకూ నవ్వొస్తుంది. ప్రకటనను, వార్తను విడదీసి కొలవాలి, కొన్ని వార్తలు ప్రకటనల్లాగే ఉంటాయి కాబట్టి అక్కడే బుర్రకు పని. అదే నెలలో బస్టాండులో ముప్పై నలభై మందిని ఒకే ప్రశ్న అడగాలి: మీ ఊళ్లో అన్నిటికంటే ముందు తీరాల్సిన సమస్య ఏది? జవాబు అందించకూడదు, వాళ్ల నోటి నుంచే రావాలి. వయసు, వార్తలు ఎక్కడ వింటారు అన్నవి పక్కన రాసుకోవాలి. రెండు జాబితాల వరుస కలిస్తే ఒక ఫలితం, కలవకపోతే ఇంకా మంచి ఫలితం. ఇలా చేసిన పది పేజీల రిపోర్టు చేతిలో ఉంటే ఎంఏలో ప్రాజెక్టు గైడ్ దగ్గరైనా, సర్వే సంస్థ దగ్గరైనా 'నీకు ఏం వచ్చు' అన్న ప్రశ్నకు జవాబు కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు.

మరొక కోణం కూడా చూడమనండి. పాలమూరు వలసల మీద వార్త రెండు రకాలుగా వస్తుంది. ముంబైలో తట్ట మోసే ఒక్క మనిషి కన్నీళ్లు ఒక రకం, వానలు, బోర్లు, అప్పులు, కాలువల లెక్కలు ఇంకో రకం. శాంటో అయ్యంగార్ అనే ప్రొఫెసర్ 1991లో చూపించింది ఏమిటంటే, పేదరికాన్ని ఒక్క మనిషి కథగా చూపిస్తే చూసేవాళ్లు తప్పును ఆ మనిషి మీదికే నెట్టే అవకాశం ఎక్కువని. కన్నీళ్లు చూపించిన రిపోర్టర్ ఉద్దేశం మంచిదే అయినా సరే.

పత్రికలు, రాజకీయాలు కలిసి నడవడం మన నేలకు కొత్త కాదు. నిజాం కాలంలో, 1922లోనే నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి మీ పాత పాలమూరు జిల్లా మనిషే. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన 1934లో 354 మంది కవులతో సంచిక వేసి జవాబిచ్చారు. 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యే అయ్యారు. మీడియా, రాజకీయాల మీద పరిశోధనకు అమ్మాయి ఎక్కడికో వెళ్లనక్కర్లేదనడానికే ఇవన్నీ చెప్పాను.

ఇప్పుడు ఉద్యోగాలు. నిలకడైన దారి అధ్యాపకత్వం. ఎంఏ పొలిటికల్ సైన్స్‌తో ఇంటర్ కాలేజీల్లో సివిక్స్ జూనియర్ లెక్చరర్ పోస్టుకు అర్హత వస్తుంది. డిగ్రీ కాలేజీలకు నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష కానీ, సెట్ అనే రాష్ట్ర అర్హత పరీక్ష కానీ పాసవ్వాలి. యూజీసీ నెట్ సిలబస్‌లోనే రాజకీయ సంస్కృతి ఉంది కాబట్టి ఈ చదువు వృథా పోదు. అయితే నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రాకపోవచ్చు, ఆ మాట దాచను. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే, తెలంగాణ ఉద్యమం పేపర్లలో ఇలాంటి చదువున్నవాళ్ల జవాబులు తేలిగ్గా వేరుగా కనిపిస్తాయి. కానీ గ్రూప్స్ కోచింగ్ కోసం నాలుగేళ్లు హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టల్లో ఉండే ప్లాన్‌కు మాత్రం నేను ఒప్పుకోను.

జర్నలిజం విషయంలో జాగ్రత్త. డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గానో, ఫ్యాక్ట్ చెక్ విభాగంలోనో చేరితే మంచిదే. మండల కంట్రిబ్యూటర్ పని మాత్రం జీతం సరిగా లేకుండా, యాడ్స్ తెమ్మనే ఒత్తిడితో ఉంటుంది. ఎన్నికల కన్సల్టెన్సీలు, సర్వే కంపెనీలు పిలిస్తే అనుభవం కోసం ఒక సీజన్ చేయొచ్చు. ఎన్నికలు అయిపోగానే పని కూడా అయిపోతుంది, అందుకే డబ్బు ఎప్పుడిస్తారో కాగితం మీద రాయించుకున్నాకే ఊళ్లు తిరగాలి. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థకు చెందిన లోక్‌నీతి లాంటి సంస్థలు ఎన్నికల సర్వేలకు విద్యార్థులను ఫీల్డ్‌లోకి తీసుకుంటాయి. నా దృష్టిలో ఈ సబ్జెక్టు వాళ్లకు అంతకు మించిన శిక్షణ లేదు.

బీఈడీ, ఎంఏ ఒకదానికొకటి శత్రువులేమీ కాదు. ఎంఏ అయ్యాక బీఈడీ చేయొచ్చు, గురుకులాల్లో కొన్ని పోస్టులకు పీజీతో పాటు బీఈడీ కూడా అడుగుతారు. అందుకే నా ఓటు ముందు ఎంఏకే. మధ్యలో నెట్ రాయాలి. రెండేళ్లయ్యాక కూడా చేతిలో ఏదీ లేకపోతే అప్పుడు బీఈడీలో చేరుతుంది, మీ మాటా నిలుస్తుంది. ఈలోగా ఇంగ్లిష్‌లో రాయడం, ఎక్సెల్‌లో పట్టికలు వేయడం నేర్చుకోవాలి. రెండోది యూట్యూబ్‌లోనే వస్తుంది.

ఉస్మానియా, పాలమూరు, మహాత్మాగాంధీ లాంటి రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్ ఒక్కటే పరీక్ష. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ వేరుగా రాయాలి. దాని దరఖాస్తులు ఈ మధ్య డిసెంబరు, జనవరి ప్రాంతంలోనే మొదలవుతున్నాయి. డిగ్రీ పరీక్షలు అయ్యాక చూద్దాంలే అనుకుంటే గడువు దాటిపోతుంది. మీరు బీసీ అయితే, సెంట్రల్ యూనివర్సిటీలో రాష్ట్ర కుల ధ్రువపత్రం పనిచేయదు, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. దాని కోసం తహసీల్దార్ ఆఫీసుకు ఈ నెలలోనే ఒక వీక్లీ ఆఫ్ రోజు వెళ్లిరండి.