ఆ లిస్టు ఆర్డర్ పెట్టకముందు ఇది చదువు అల్లుడూ

అల్లుడూ, ఆటలాడ్డానికి కొత్త కంప్యూటరు కట్టించుకుంటానని నువ్వు రాత్రి పంపిన పార్టుల లిస్టు పొద్దున్న షాపు తీసేక చూసేను. తెచ్చుకున్న టీ చల్లారిపోయింది గానీ లిస్టు మటుకు మింగుడుపడలేదు. 12వ జనరేషన్ ఐ7, లిక్విడ్ కూలరు, రంగుల లైట్ల ఫ్యాన్లు ఆరు, ముందంతా అద్దం ఉన్న క్యాబినెట్టు, ఇన్నీ రాసి గ్రాఫిక్స్ కార్డు దగ్గరకొచ్చేసరికి జీటీఎక్స్ 1650, 4 జీబీ. పవర్ సప్లై ఎదురుగా అయితే "క్యాబినెట్‌తో వస్తాది" అని రాసేవు. 70 వేలూ అయిపోతాయి, ఆట మాత్రం సాగదు. కాడికి ఒక పక్క గిత్తనీ ఇంకో పక్క మొన్న పుట్టిన దూడనీ కట్టినట్టుంది, బండి దూడ నడకే కదా నడుస్తాది.

మీ నాన్న ఫోన్ చేసి "బావా, వాడికి ఏటి కావాలో నువ్వే చూసి చెప్పీ" అన్నాడు, అందుకే ఇంత పొడుగు రాస్తన్నాను, విసుక్కోకుండా చదువు.

మొదలు నీ మానిటరు నుంచి పెట్టుకోవాలి. నీ దగ్గరున్నది 1080పీ, 75 హెర్ట్జ్. అంటే సెకనుకి 75 బొమ్మలు మించి అది చూపించలేదు, లోపల కార్డు 200 తయారుచేసినా అంతే. 1080పీ అంటే 20 లక్షల 73 వేల చుక్కలు, అదే 4కే అయితే దగ్గర దగ్గర 83 లక్షలు, ప్రతి బొమ్మకీ కార్డు అన్ని చుక్కలకీ రంగు వెయ్యాలి, అందుకే యూట్యూబులో ఎవడో 4కే పెట్టి ఆడతన్నాడని వాడి కార్డే నీకూ కావాలనుకోకు. తర్వాత నువ్వు ఏటి ఆడతావన్నది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి ప్రాసెసరు మీద ఎక్కువ ఆధారపడతాయి, చిన్న కార్డుతోనే గడిచిపోతాది. సైబర్‌పంక్ లాంటి బరువు ఆటలు కార్డునే పిండేస్తాయి. నువ్వు రెండు రకాలూ ఆడతానన్నావు కాబట్టి డబ్బులో మూడో వంతు పైగా కార్డుకే పోవాలి, ప్రాసెసరుకి అందులో సగం చాలు.

నీ మానిటరుకి ఆర్‌ఎక్స్ 6600 కార్డు దొరికితే అదే తీసుకో, దొరక్కపోతే 7600. రెండింటికీ 8 జీబీ సొంత మెమరీ ఉంటాది. మరొక్కటి చెప్తాను, జీబీ అంకె చూసి మోసపోకు. మన బజార్లో ఇప్పటికీ జీటీ 730ని "4 జీబీ గేమింగ్ కార్డు" అని అమ్ముతున్నారు, అది 2014 నాటి సరుకు, నాలుగు జీబీ కాదు నలభై జీబీ పెట్టినా దాని వల్ల కాదు, ఇరుకు సందుకి పెద్ద గేటు పెట్టినట్టే. ఆర్‌టీఎక్స్ 3050 కూడా రెండు రకాలుంది, 8 జీబీది వేరు, 6 జీబీది వేరు, పేరు ఒకటే గానీ రెండోది నెమ్మది.

ప్రాసెసరుకి రైజెన్ 5 5600 గానీ ఐ5 12400ఎఫ్ గానీ. రెండూ ఆరు కోర్లవే. పెట్టెలో వచ్చే కూలరు ఈ రెండింటికీ సరిపోతాది, ఆ లిక్విడ్ కూలరు డబ్బు మిగిలినట్టే. చివర ఎఫ్ అక్షరం ఉంటే లోపల డిస్‌ప్లే చిప్పు పనిచెయ్యదు, రైజెన్ 5600కీ అది లేదు, కాబట్టి రేపు కార్డు పాడై సర్వీసుకి పోయిందనుకో, అది తిరిగొచ్చేదాకా తెర నల్లగానే ఉంటాది, నీ ప్రాజెక్టులూ అసైన్‌మెంట్లూ ఆగిపోతాయి. దానికి భయపడక్కర్లేదు, షాపులో ఒక పాత కార్డు పక్కన పెట్టే ఉంచుతాను, అప్పటికి వాడుకో.

కొత్తగా వచ్చింది కదా అని రైజెన్‌ల కొత్త సాకెట్టు, ఏఎం5 ఉన్న బోర్డు ఎందుకు వద్దంటున్నానంటే, దానికి డీడీఆర్5 ర్యామే ఎక్కాలి, ఈ మధ్య ఏఐ డేటా సెంటర్ల దెబ్బకి ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి. 5600 ఎక్కే పాత సాకెట్టు ఏఎం4 అయితే డీడీఆర్4, అది పాతది తీసుకున్నా పెద్ద భయం లేదు. అన్ని పార్టుల్లోనూ సెకండ్ హ్యాండ్‌లో ధైర్యంగా కొనేది నేనైతే ర్యామ్ ఒక్కటే, రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టీసి వదిలేస్తే పొద్దున్నకి దాని బతుకేటో తెలిసిపోతాది. నా దగ్గర ఒక ఆఫీసు సిస్టమ్‌లోంచి తీసినవి 8 జీబీవి రెండు ఉన్నాయి, 3200 స్పీడువి, ఒకే జత. అవి నీకే. 16 ఒక్కటే పెట్టేకన్నా 8, 8 జతగా పెడితే ఆటలో తేడా కనిపిస్తాది. బోర్డు మీద నాలుగు స్లాట్లుంటే ప్రాసెసరు వైపు నుంచి లెక్కపెట్టి రెండోదీ నాలుగోదీ, ఆపైన బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్యాలి, అది ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడుకి తెచ్చే సెట్టింగు, లేదంటే చాలాసార్లు 3200ది 2133లోనో 2400లోనో నడుస్తాది, అలగే ఏళ్ళ తరబడి నడుపుకునేవాళ్ళని చూసేను. రైజెన్‌కైతే బోర్డు బీ550 చాలు. ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎంఈది 1 టీబీ కుదిరితే సరే, లేదంటే 500, ఆట త్వరగా తెరుచుకుంటాది తప్ప సెకనుకొచ్చే బొమ్మలు పెరగవు.

ఇప్పుడు అసలు సంగతి, పవర్ సప్లై. నేను షాపు పెట్టిన కొత్తలో ఒక ఫోటో స్టూడియో ఆయనకి ఎడిటింగ్ సిస్టమ్ కట్టేను. క్యాబినెట్‌తో వచ్చిన సప్లైనే బిగించేను, స్టిక్కరు మీద 450 అని పెద్దక్షరాల్లో ఉంది, నాకూ అంతకన్నా ఎక్కువ తెలీదు. చేత్తో పట్టుకుంటే ఖాళీ డబ్బాలాగుండేది, అప్పుడైనా అనుమానం రావాల్సింది. సరిగ్గా పెళ్ళిళ్ళ సీజన్లో ఒక సాయంత్రం టప్‌మని పేలింది, కాలిన వాసన, దాంతోపాటు బోర్డూ హార్డ్ డిస్కూ పోయేయి, ఆ డిస్కులో రెండు పెళ్ళిళ్ళ ఫోటోలున్నాయి. డబ్బు నేను కట్టుకున్నాను, ఫోటోలు ఎవడు కట్టగలడు? తర్వాత ఆ సప్లై స్టిక్కరు మొత్తం చదివితే 12 వోల్టుల ఎదురుగా 16 ఆంపియర్లు అని ఉంది. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు, ఆ 450 అంకె ఎక్కడిదో ఆ దేవుడికే తెలియాలి. ప్రాసెసరూ కార్డూ తినేదంతా ఆ 12 వోల్టుల నుంచే. నీకు చెప్పిన కార్డు ఒక్కటే 132 వాట్లు లాగుతాది, ప్రాసెసరు గట్టిగా పనిచేస్తే ఇంకో 70, 80. కాబట్టి నువ్వు ఏ షాపుకెళ్ళినా సప్లై చేతిలోకి తీసుకుని ఆ లైను చదువు, నిజమైన 550 వాట్లదైతే 12 వోల్టుల ఎదురుగా 40కి పైనే ఉంటాది. కరెంటు వృథా తక్కువని చెప్పే బ్రాంజ్ రేటింగుది, పేరున్న కంపెనీది తీసుకో. కౌంటర్ వాడు ఒడియాలో "చళిబ, చళిబ" (నడిచిపోతాదిలే) అంటూనే ఉంటాడు, వాడికేం, పోయేది నీది.

అలగే ఎర్తింగ్. మీ ఇల్లు తాతల నాటిది, వైరింగ్ కూడా ఆ కాలందే. మూడు పిన్నుల సాకెట్టు ఉంటాది గానీ మూడో కన్నానికి వైరే ఉండదు. సిస్టమ్ ఆన్‌లో ఉండగా క్యాబినెట్ వెనక స్క్రూకి చెయ్యి తగిలితే జివ్వుమంటాది చూడు, అది అదే. 2018లో తిత్లీ తుఫాను వచ్చి కరెంటు పోయి మళ్ళీ వచ్చేక ఒడిశా సరిహద్దున మన పర్లాకిమిడిలో నా షాపు ముందు సప్లైలు కుప్ప పోసేరు, వోల్టేజీ ఎగిరెగిరి పడిన దెబ్బకి. అందుకే నువ్వు ఐ7లోనూ లైట్లలోనూ పోసే డబ్బు ఒగ్గేసి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ గొయ్యి తీయించు, ఒక యూపీఎస్ కొను. 600 వీఏ అంటే చాలా వాటికి 360 వాట్లే, ఆట ఆడతా ఉండగా కరెంటు పోతే దాని ప్రాణం మీదకొస్తాది, 1000 వీఏది చూడు.

క్యాబినెట్టు ముందు జాలీ ఉన్నది తీసుకో, అద్దంది వద్దు. మే నెలలో మీ మేడ గది సంగతి నీకు తెలిసిందే, గాలి లోపలికి వెళ్ళే దారి లేకపోతే కార్డు వేడెక్కి తనంతట తానే స్పీడు తగ్గించుకుంటాది. ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి, అయిపోయింది.

కొనడం పాతపట్నం అవతలా బరంపురం వైపా అని అడిగేవు, జీఎస్టీ రెండు చోట్లా 18 శాతమే, తేడా లేదు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకో, ప్రాసెసరు పెట్టెలో సీలుతో ఉన్నదే అడుగు, ట్రేది, అంటే పెట్టె లేకుండా విడిగా అమ్మేది, చవగ్గా ఇస్తానంటే వద్దు. సర్వీస్ సెంటరంటే మనకి వైజాగో భువనేశ్వరో, ఏదైనా ఒక రోజు పోయినట్టే, గుణుపురం బండెక్కి వైజాగ్ పోయేక బిల్లు ఇంట్లో మర్చిపోయిన ఘనుడిని నేనే.

కొన్నాక ఒక్కదాన్నీ నువ్వు తెరవకు. ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు కట్టీస్తాను, అన్నీ పట్టుకుని రా, నువ్వే బిగించు, నేను పక్కన కూర్చుంటాను. థర్మల్ పేస్టు కొనకు, నా దగ్గరుంది. మానిటరు కేబులు మటుకు తెచ్చుకో, కిందటిసారి నీ ఫ్రెండు దాన్ని కార్డుకి కాకుండా బోర్డుకి గుచ్చీసి కార్డు పాడైందని ఏడుస్తా వచ్చేడు.